శాఖా గ్రంథాలయంలో ఇంటర్నెట్ గది: మొదలుపెట్టడం నుంచి రోజూ నడపడం వరకు

నేను చూసిన శాఖా గ్రంథాలయాల్లో కొన్నింటిలో ఇలాంటి గది ఒకటి ఉంది. తలుపు మీద ‘డిజిటల్ విభాగం’ అన్న బోర్డు, లోపల తొడుగులు కప్పిన నాలుగైదు కంప్యూటర్లు, తలుపుకు తాళం. ఎందుకు తాళం వేశారని అడిగితే జవాబులు దాదాపు ఒకటే. నెట్ బిల్లు కట్టడానికి పద్దు లేదు. పాడైన యంత్రాన్ని బాగుచేయించేవారు లేరు. పిల్లలు ఏదో తెరిచారని ఎవరో ఫిర్యాదు చేశారు. దగ్గరుండి చూపించే మనిషి లేడు. ఈ నాలుగూ కంప్యూటర్లు కొనకముందే తేల్చుకోవాల్సిన సంగతులు. అందుకే ఈ మార్గదర్శిలో కొనుగోలు బాగా వెనక వస్తుంది. శాఖా గ్రంథాలయంలో పనిచేసేవారికి, ఊరి గ్రంథాలయాన్ని బాగుచేయాలనుకునే యువకులకు, సొంత ఊరికి ఏదైనా చేయాలనుకునే దాతలకు పనికొస్తుందని రాస్తున్నాను.

1. ముందు నెల రోజులు అడిగి రాసుకోండి

ఒక పొడవాటి నోటుపుస్తకం తీసుకుని నాలుగు గడులు గీయండి: తేదీ, వచ్చినది ఎవరు, ఇంటర్నెట్‌తో ఏ పని పడింది, ఆ పని ఇప్పుడు ఎక్కడ చేయించుకుంటున్నారు. రెండో గడిలో పేరు అక్కరలేదు. విద్యార్థి, రైతు, పింఛనుదారు, గృహిణి అని రాస్తే చాలు. దినపత్రికల బల్ల దగ్గరికి వెళ్లి మీరే అడగండి, మీరే రాయండి. పుస్తకాన్ని బల్ల మీద వదిలేస్తే ఎవరూ రాయరు.

నేను పనిచేసే శాఖలో నెల తిరిగేసరికి ఇవి తేలాయి: పోటీ పరీక్షల అభ్యర్థులకు దరఖాస్తులు, హాల్ టికెట్లు, పాత ప్రశ్నపత్రాలు, పింఛనుదారులకు తాము బతికే ఉన్నామని ఏటా ఇవ్వాల్సిన జీవన ప్రమాణ పత్రం, రైతులకు భూమి రికార్డుల నకళ్లు, అంటే ఆంధ్రప్రదేశ్‌లో ‘మీ భూమి’, తెలంగాణలో ‘భూ భారతి’, బడి పిల్లలకు ప్రాజెక్టు పని. వీడియోలు చూడటానికి వస్తామన్నవారు చాలా తక్కువ. ‘అందరి చేతుల్లో ఫోన్లు ఉన్నాయి కదా, గ్రంథాలయంలో నెట్ దేనికి?’ అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. వారి ముందు ఈ నోటుపుస్తకం తెరిచి పెట్టండి. ఫోనులో వార్త చదవవచ్చు. పొడుగాటి దరఖాస్తు నింపి, ధ్రువపత్రాలు స్కాన్ చేసి జతపరిచి, ముద్రించుకోవాలంటే ఫోను ఒక్కటే చాలదు.

ఒక సాయంత్రం కానిస్టేబుల్ ఉద్యోగానికి దరఖాస్తు నింపుతున్న అమ్మాయి మధ్యలో ఆగిపోయింది. ఫోటో 50 కేబీ లోపు ఉండాలని తెర మీద ఎర్ర అక్షరాలు కనిపిస్తున్నాయి. ఆమె ఫోనులో తీయించుకున్న ఫోటో 3 ఎంబీ ఉంది. ‘కేబీ అంటే ఏమిటి సార్?’ అని అడిగింది. ఫైలు ఎంత పెద్దదో చెప్పే కొలత, సుమారు వెయ్యి కేబీలు ఒక ఎంబీ అని చెప్పి, పక్కన కూర్చుని ఫోటోను ముఖం, భుజాల మేరకు కత్తిరించి, కొలతలు తగ్గించి మళ్లీ భద్రపరిస్తే 38 కేబీకి వచ్చింది. తెల్ల కాగితం మీద నల్ల సిరాతో సంతకం పెట్టించి అదీ స్కాన్ చేశాం. ఇరవై నిమిషాల పని. దీనికోసం ఆమె అంతకుముందు మండల కేంద్రానికి బస్సులో వెళ్లి, నెట్ కేంద్రంలో వరుసలో నిలబడి, అడిగినంత ఇచ్చి వచ్చేది. మర్నాడు తన స్నేహితురాలిని వెంటబెట్టుకొచ్చి, నన్ను పిలవకుండానే ఆమె ఫోటోను తానే సరిచేసి పెట్టింది. మీరు ఏర్పాటు చేయబోయే గది ఇలాంటి పనికోసమని గుర్తుంచుకుంటే, ఏది కొనాలో ఏది వద్దో తేలిగ్గా తెలుస్తుంది. మా లెక్కలో ఎనిమిదో కంప్యూటర్ కన్నా మంచి స్కానర్, నలుపు-తెలుపు లేజర్ ప్రింటర్ ముఖ్యమని తేలింది.

2. నెలవారీ ఖర్చుకు దారి చూడండి

కంప్యూటర్లు ఇచ్చే దాతలు దొరుకుతారు. మూడేళ్లపాటు నెట్ బిల్లు కడతామనే దాత దొరకడం కష్టం. కాబట్టి అడిగేటప్పుడే బిల్లు అడగండి. అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్న మన ఊరివాళ్లు ‘ఏం కావాలి?’ అని అడిగితే కంప్యూటర్ల సంఖ్య చెప్పకుండా, ఏడాదికి నెట్, కాగితం, టోనర్, మరమ్మతులు కలిపి ఎంతవుతుందో ఒక కాగితం మీద వేసి చూపించండి. మరమ్మతుల కింద యంత్రాల ఖరీదులో ఏటా పదో వంతు తీసిపెట్టడం నా పద్ధతి.

ప్రభుత్వం వైపు దారి జిల్లా గ్రంథాలయ సంస్థ. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం కింద ఆస్తి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు వసూలవుతుంది. అది సంస్థకు చేరవలసిన సొమ్ము. నెట్ బిల్లును కరెంటు బిల్లులాగే విడి పద్దుగా వార్షిక బడ్జెట్‌లో చేర్చమని కార్యదర్శికి రాతపూర్వకంగా రాయండి, జతగా మీ నోటుపుస్తకంలోని నెల లెక్క పెట్టండి. నోటిమాటగా అడిగినది బడ్జెట్ సమావేశానికి చేరదు. కోల్‌కతాలోని రాజా రామ్మోహన్ రాయ్ గ్రంథాలయ ఫౌండేషన్ సాయానికి ప్రతిపాదన పంపాలన్నా పౌర గ్రంథాలయ శాఖ ద్వారానే వెళ్లాలి.

3. గది, కరెంటు

ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ముందు ఎర్తింగ్ పరీక్షించండి. పాత భవనాల్లో మూడు రంధ్రాల ప్లగ్గు ఉంటుంది, దాని వెనక ఎర్త్ తీగ ఉండదు. పైకప్పు కారే చోట, కిటికీకి ఎదురుగా బల్లలు వేయవద్దు.

కరెంటు పోతే ఏం చేయాలన్నది చిన్న లెక్క. పాత రకం డెస్క్‌టాప్, తెరతో కలిపి 100 వాట్లు దాటవచ్చు. అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్, ఎల్‌ఈడీ తెర కలిపితే 50 వాట్లలో సర్దుకుంటాయి. అలాంటివి అయిదు పెడితే 250 వాట్లు. 12 వోల్టుల, 150 ఏహెచ్ (ఆంపియర్-గంటల) బ్యాటరీలో లెక్కకు 1800 వాట్-గంటలు ఉంటాయి. నష్టాలు పోగా మూడు నుంచి నాలుగు గంటలు నడుస్తాయి. అంటే మామూలు ఇంటి ఇన్వర్టర్‌తోనే సాయంత్రం పూట అంతా గట్టెక్కవచ్చు. రౌటర్‌ను కూడా ఆ లైనుకే కలపడం మరవకండి. కంప్యూటర్లు వెలుగుతూ నెట్ ఆగిపోవడం మా గదిలో మొదటి వారమే జరిగింది. ప్రింటర్‌ను మాత్రం ఇన్వర్టర్‌కు కలపవద్దు; లేజర్ ప్రింటర్ వేడెక్కేటప్పుడు ఒక్కసారిగా చాలా కరెంటు లాగుతుంది.

బల్లలు వేసే తీరు గురించి ఒక మాట. పిల్లలు కూర్చునే తెరలు మీ కుర్చీ నుంచి కనిపించేలా ఉండాలి. బ్యాంకు పని, దరఖాస్తుల పని చేసుకునేవారికి గోడ వారగా ఒకటి రెండు స్థానాలు కేటాయించండి, వెనక నడిచేవారికి వాళ్ల ఓటీపీలు కనిపించకూడదు.

4. కనెక్షన్, వైఫై

పదిమంది ఒకేసారి పాఠం వీడియో చూసినా మనిషికి 5 ఎంబీపీఎస్ చొప్పున 50 సరిపోతుంది. ఫోన్లలో వైఫై వాడేవారినీ కలుపుకుని 100 ఎంబీపీఎస్ ఫైబర్ కనెక్షన్ తీసుకోండి. తీసుకునే ముందు రెండు ప్రశ్నలు అడగండి: నెలకు ఎంత డేటా దాటితే వేగం తగ్గిస్తారు, అప్‌లోడ్ వేగం, అంటే మన దగ్గరి నుంచి ఫైళ్లు పంపే వేగం ఎంత? దరఖాస్తులు పంపే చోట రెండోది ముఖ్యం. మీ పంచాయతీకి ప్రభుత్వం వేసే భారత్‌నెట్, ఏపీ ఫైబర్‌నెట్ లేదా టీ-ఫైబర్ లైను వచ్చిందేమో కనుక్కోండి. ఫైబర్ తెగిన రోజు కోసం సిమ్ వేసుకునే చిన్న రౌటర్ ఒకటి దగ్గర ఉంచుకోండి. హాల్ టికెట్లకు చివరి రోజు లైను తెగితే ఆ బాధ మాటల్లో చెప్పలేం.

డెస్క్‌టాప్‌లకు వైఫై కాకుండా క్యాట్-6 కేబుల్ వేయించండి. ఒక్కో కేబుల్ వంద మీటర్లకు మించకూడదు. వైఫైకి రెండు పేర్లు పెట్టండి, ఒకటి కార్యాలయానికి, ఒకటి పాఠకులకు. పాఠకుల వైఫైలో ఒక ఫోనుకు మరో ఫోను, కార్యాలయం కంప్యూటర్ కనిపించకుండా చేసే ‘ఐసొలేషన్’ అమరిక రౌటర్‌లో ఉంటుంది, దాన్ని తప్పక ఆన్ చేయించండి.

పాస్‌వర్డ్‌ను గోడ మీద రాసి వదిలేస్తే ఎవరు వాడారో తెలియదు. రేపు ఆ కనెక్షన్ నుంచి ఎవరైనా బెదిరింపు సందేశం పంపితే పోలీసులు వచ్చేది గ్రంథాలయానికే. దీనికి చక్కని మార్గం ‘పీఎం వాణి’. 2020 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన ఈ ఏర్పాటులో కిరాణా కొట్టైనా, గ్రంథాలయమైనా ‘పబ్లిక్ డేటా ఆఫీస్’గా వైఫై ఇవ్వవచ్చు, లైసెన్సు అక్కరలేదు. వాడేవారి గుర్తింపు, లెక్కల భారం వెనక ఉండే అగ్రిగేటర్ (ఇలాంటి ఆఫీసులను కలిపి నడిపే సంస్థ), యాప్ సంస్థలు చూసుకుంటాయి.

5. యంత్రాలు

అయిదు చాలు. దాతలు ఇచ్చిన పాతవి ఉంటే వాటిని కాదనకండి: 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్‌ఎస్‌డీ (వేగంగా పనిచేసే డిస్కు) వేస్తే ఎనిమిదేళ్ల నాటి యంత్రం కూడా చురుగ్గా నడుస్తుంది. చిక్కు ఒక్కటే. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది, చాలా పాత యంత్రాలు విండోస్ 11ను తీసుకోవు. వాటిలో విండోస్‌కు బదులు యంత్రాన్ని నడిపే, ఉచితంగా దొరికే లినక్స్ మింట్ పెట్టండి. బ్రౌజర్, రాత పని, పీడీఎఫ్, ముద్రణ అన్నీ అందులో అవుతాయి. వేలిముద్ర పరికరాలు, కొన్ని ప్రభుత్వ పనుల కోసం ఒక్క యంత్రాన్ని విండోస్ 11తో ఉంచుకుంటే సరిపోతుంది. ఆ యంత్రంలోనే చూపులేనివారికి తెరను చదివి వినిపించే ఎన్‌వీడీఏ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేయండి; తెలుగు కూడా చదువుతుంది. జతగా మంచి హెడ్‌ఫోన్లు.

లినక్స్ మింట్‌ను నేను గట్టిగా చెప్పడానికి కారణం ‘అతిథి సెషన్’. ఒకసారి ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు ధ్రువపత్రాలు నెట్‌లో దాచుకునే ప్రభుత్వ సేవ డిజీలాకర్ తెరిచి, పత్రం ముద్రించుకుని లేచి వెళ్లిపోయారు. తర్వాత కూర్చున్న కుర్రాడు ‘సార్, ఎవరిదో ఆధార్ కార్డు కనిపిస్తోంది’ అని పిలిచాడు. వెళ్లి చూస్తే ఆయన ఖాతా అలాగే తెరిచి ఉంది. డౌన్‌లోడ్ల ఫోల్డరులో అంతకుముందు వారం రోజులుగా వచ్చినవాళ్ల మార్కుల జాబితాలు, కుల ధ్రువపత్రాలు, పాన్ కార్డులు కూడా పోగుపడి ఉన్నాయి. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. లాగిన్ విండో అమరికల్లో అతిథి సెషన్‌ను అనుమతిస్తే, మనిషి లేచి లాగవుట్ నొక్కగానే ఫైళ్లు, తెరిచిన ఖాతాలు, పాస్‌వర్డులు అన్నీ చెరిగిపోతాయి. తర్వాతివారికి కొత్త పలక. ఈ ఏర్పాటు లేకుండా గది తలుపు తెరవకండి. ఫైలు కావలసినవారు పెన్‌డ్రైవ్‌లోనో, తమ ఈమెయిల్‌కో పంపుకోవాలని ప్రతి తెర అంచున కాగితం అంటించండి.

6. తెలుగు రాయడం

ఈ మెట్టును చాలామంది వదిలేస్తారు. ఆంగ్లంలో కుడి ఎడమలు తెలియని మనిషి తెర ముందు కూర్చుని, తెలుగులో వెతకవచ్చని తెలియక లేచి వెళ్లిపోతాడు. కీబోర్డుల మీద ఇన్‌స్క్రిప్ట్ (భారతీయ భాషలకు ప్రామాణికమైన కీల అమరిక) అక్షరాల స్టిక్కర్లు అంటించండి. ఫోనులో ‘అమ్మ’ రావడానికి ఆంగ్ల అక్షరాల్లో ‘amma’ అని పలికే తీరు ప్రకారం కొట్టడం అలవాటైన యువతకు ఫొనెటిక్ పద్ధతినీ కలపండి. లినక్స్‌లో భాషలు మార్చే ఐబస్ అనే సాధనం ద్వారా, విండోస్‌లో భాషల అమరికల్లో రెండూ దొరుకుతాయి. అతిథి సెషన్ ప్రతిసారీ కొత్తగా మొదలవుతుంది కాబట్టి, ఈ అమరికను అతిథి ఖాతా నమూనాలోనే పెట్టాలి. లేకపోతే మర్నాటికి తెలుగు మాయమవుతుంది. సిలికానాంధ్ర సంస్థ ఉచితంగా విడుదల చేసిన మండలి, రామభద్ర, సురవరం వంటి ఖతులు (ఫాంట్లు) ఎక్కించండి. పాత అను ఫాంట్లలో టైపు చేసిన జాబితాలు మీ దగ్గర ఉంటే వాటిని అన్ని యంత్రాలూ చదవగలిగే యూనికోడ్‌లోకి మార్పించుకోండి, లేకపోతే వెతికినా దొరకవు.

7. రాసిపెట్టుకోవాల్సిన నిబంధనలు

వ్యాపారంగా నడిచే నెట్ కేంద్రాలకు 2011లో కేంద్రం నిబంధనలు పెట్టింది: గుర్తింపు కార్డు చూడాలి, వచ్చినవారి వివరాల రిజిస్టరు ఏడాదిపాటు దాచాలి. మనది వ్యాపారం కాకపోయినా రిజిస్టరు పెట్టండి. సభ్యత్వ సంఖ్య, యంత్రం సంఖ్య, వచ్చిన వేళ, లేచిన వేళ రాస్తే చాలు. ఏ సైటు చూశారో రాయవద్దు, ఆధార్ నకళ్లు తీసుకుని ఫైలు కట్టవద్దు. పాఠకుడు ఏం చదివాడన్నది అతని సొంత విషయం, పుస్తకానికీ నెట్‌కూ ఒకే మర్యాద. ఈ పద్ధతిని ఒక పేజీలో రాసి, జిల్లా సంస్థ కార్యదర్శి సంతకంతో ఉత్తర్వుగా తెచ్చుకోండి. ఫిర్యాదు వచ్చిన రోజు ఆ కాగితమే మీకు అండ.

అశ్లీల సైట్లను ఆపడానికి రౌటర్‌లో డీఎన్‌ఎస్ (సైటు పేరును బట్టి దాని చోటు వెతికిచ్చే సేవ) చిరునామాను 1.1.1.3గా మార్చితే చాలు. క్లౌడ్‌ఫ్లేర్ అనే సంస్థ ఉచితంగా ఇచ్చే ఈ సేవ అలాంటి సైట్లను, వైరస్ సైట్లను తెరుచుకోనివ్వదు. అంతకు మించి యూట్యూబ్‌ను, సామాజిక మాధ్యమాలను మూకుమ్మడిగా మూసేయడం నాకు సమ్మతం కాదు, పోటీ పరీక్షల పాఠాల్లో చాలాభాగం అక్కడే ఉన్నాయి.

ఒక్కొక్కరికి 45 నిమిషాలు. దరఖాస్తు మధ్యలో ఉన్నవారిని లేపకూడదు. ఒక యంత్రాన్ని ఎప్పుడూ ఆడపిల్లలకే కేటాయించండి. నెట్ కేంద్రానికి పంపని తల్లిదండ్రులు గ్రంథాలయానికి పంపుతారు. ఆ నమ్మకాన్ని నిలుపుకోవాలి.

8. పుస్తకాల జాబితా తెర మీదికి

కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐసీ తయారుచేసిన ఈ-గ్రంథాలయ, న్యూజీలాండ్‌లోని ఒక గ్రంథాలయం కోసం పుట్టి 2000 నుంచి వాడుకలో ఉన్న కోహా పుస్తకాల జాబితా నడిపే సాఫ్ట్‌వేర్లు, రెండూ తెలుగు లిపిని తీసుకుంటాయి. మీ జిల్లా సంస్థ ఏది ఎంచుకుంటే దానితో వెళ్లండి. సర్వర్ చూసుకునే మనిషి లేకుండా ఒక్క శాఖ తనంతట తాను కోహా పెట్టుకోవడం మంచిది కాదు. సంస్థ నిర్ణయం ఆలస్యమైతే ఒక స్ప్రెడ్‌షీట్‌లో నమోదు సంఖ్య, రచయిత, పేరు, ప్రచురణకర్త, సంవత్సరం, వర్గ సంఖ్య, బీరువా సంఖ్య అన్న గడులతో మొదలుపెట్టండి, తర్వాత అందులోకి మార్చుకోవచ్చు.

ఎనిమిది వేల పుస్తకాలుంటే, రోజుకు 60 చొప్పున ఎక్కించినా 130 రోజులు దాటుతుంది. మొదటి బీరువా నుంచి వరుసగా వెళ్తే మూడు నెలలకు విసుగొస్తుంది. ఇంటికి వెళ్లి తిరిగి వచ్చిన పుస్తకాన్ని ముందు ఎక్కించండి. పాఠకులు నిజంగా చదివే పుస్తకాలు రెండు మూడు నెలల్లోనే జాబితాలోకి వచ్చేస్తాయి. అటకెక్కినవి తర్వాత.

తెలుగులో ఒక జాగ్రత్త ఉంది. మన బోర్డుల మీదే కొన్నిచోట్ల ‘గ్రంథాలయం’, కొన్నిచోట్ల ‘గ్రంధాలయం’ అని ఉంటుంది. కంప్యూటర్‌కు అవి రెండు వేరు మాటలు. సినారె, సి. నారాయణరెడ్డి, సింగిరెడ్డి నారాయణరెడ్డి అని ముగ్గురు మూడు రకాలుగా కొడితే ఒకే కవి మూడు చోట్ల చెల్లాచెదురవుతాడు. ఏ రూపం వాడాలో ఒక చిన్న పుస్తకంలో రాసుకుని, కొత్తగా వచ్చిన సహాయకుడికి మొదటిరోజే చేతికివ్వండి.

9. నెట్ రాని రోజు, పాత పుస్తకాలు

నెట్ తరచూ పోయే ఊళ్లలో కివిక్స్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టుకోండి. తెలుగు వికీపీడియా మొత్తాన్ని ఒక ఫైలుగా దింపుకుని, ఒక యంత్రంలో ఉంచితే గదిలోని మిగతా యంత్రాలు, ఫోన్లు నెట్ లేకపోయినా దాన్ని చదవగలవు. ఐఐటీ ఖరగ్‌పూర్ నడిపే జాతీయ డిజిటల్ గ్రంథాలయంలో ఖాతా తెరిచే పద్ధతిని విద్యార్థులకు చూపించండి.

బీరువాలో పాత సంపుటాలు పొడి రాలిపోతుంటే స్కాన్ చేయవచ్చు. మూత కింద నొక్కే స్కానర్ వద్దు, వెన్ను విరుగుతుంది. పైనుంచి ఫోటో తీసే రకం వాడండి. స్పష్టత 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) చాలు. వ్యాపారం చేయని ప్రజా గ్రంథాలయం తన దగ్గరున్న ప్రతిని భద్రపరచుకోవడానికి డిజిటల్ రూపంలో దాచుకోవచ్చని 1957 నాటి కాపీరైటు చట్టం 52వ సెక్షనులో ఉంది. దాచుకోవడం వేరు, నెట్‌లో అందరికీ పంచడం వేరు. పంచాలంటే రచయిత మరణించిన మరుసటి సంవత్సరం మొదటి నుంచి 60 ఏళ్లు గడవాలి: 1960లో కన్నుమూసిన రచయిత రచనలు 2021 జనవరి 1 నుంచి స్వేచ్ఛగా పంచవచ్చు. ఆ లెక్క తేలని పుస్తకాన్ని బయట పెట్టకండి.

10. నేర్పడం, నిలబెట్టడం

వారానికి ఒక గంట, అయిదారుగురికి మించకుండా నేర్పండి. ఒక్కో వారం ఒకే విషయం: మౌసు పట్టడం, తెలుగులో వెతకడం, ఈమెయిల్, ఫోటో తగ్గించడం. పెద్దవాళ్ల చేతిలోంచి మౌసు లాక్కోకండి. తప్పు నొక్కనివ్వండి, ‘ఫరవాలేదమ్మా, వెనక్కి వెళ్దాం’ అని చెప్పి ఆమె చేతే వెనక్కి రప్పించండి. మోసాల గురించి ఒక పాఠం తప్పనిసరి: డబ్బు అందుకోవడానికి యూపీఐ పిన్ నొక్కాల్సిన పని ఎప్పుడూ ఉండదు, వీడియో కాల్‌లో అరెస్టు చేసే పోలీసు ఉండడు, డబ్బు పోతే వెంటనే 1930కి ఫోను చేయాలి. ఈ మూడు మాటలు పెద్ద అక్షరాలతో గోడ మీద రాయించండి.

మా శాఖకు శుక్రవారం సెలవు, అందుకే గురువారం సాయంత్రం మూసేముందు పావుగంట గది పనికి పెట్టుకున్నాను. యంత్రాలన్నీ ఒకసారి అప్‌డేట్ చేయడం, కీబోర్డులు తుడవడం, జాబితా నకలు బయటి హార్డ్ డిస్కులోకి తీయడం, టోనర్ చూడటం, నోటుపుస్తకంలో ఆ వారం ఏ పనులు కాకుండా మిగిలిపోయాయో గుర్తు పెట్టడం. ఆ నోటుపుస్తకం మొదటి నెలతో ముగియలేదు, ఇప్పటికి నాలుగోది నడుస్తోంది.

గదికి తాళం చెవులు రెండు చేయించండి. ఒకటి మీ దగ్గర, ఒకటి సహాయకుడి దగ్గర. రౌటర్, కంప్యూటర్ల నిర్వాహక పాస్‌వర్డులు, నెట్ కనెక్షన్ ఖాతా సంఖ్య, మరమ్మతు చేసేవారి ఫోను నంబరు ఒక కవరులో పెట్టి, మూసి, బీరువాలో ఉంచండి. మీకు బదిలీ అయిన రోజు మీ స్థానంలోకి వచ్చేవారికి పుస్తకాల లెక్కతో పాటు ఆ కవరు, నోటుపుస్తకాలు అప్పగించి, సంతకం తీసుకోండి.